బడి గంట: జుట్టు కత్తిరించారు, ఫోన్ లాక్కున్నారు, గేటుకి తాళం వేశారు... పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. జూన్‌లో బడులు తెరిచి నెల తిరక్కముందే విశాఖలో గాజువాక నుంచి భీమిలి దాకా అమ్మలు, నాన్నలు, పిల్లలు, ఒక మేష్టారు కూడా రాశారు. క్రమశిక్షణ పేరుతో బడి ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు, హద్దు దాటితే ఎవరిని అడగాలి అని. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పి, అందులో చివరి తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనదాన్ని, కాబట్టి బల్లకి ఇటువైపూ అటువైపూ కూడా కూర్చున్నాను. మనుషుల పేర్లు, స్కూళ్ల పేర్లు తీసేసి, ఉత్తరాలు కాస్త కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. జుట్టు పెరిగిందని రెండుసార్లు చెప్పారట, మేం పట్టించుకోలేదు, అది మా తప్పే. సోమవారం ప్రేయర్‌లో అందరి ముందు పీఈటీ సార్ కత్తెర తీసుకుని ముందు జుట్టు ఒక పక్క కత్తిరించేశారు. అప్పట్నుంచి వాడు అన్నం దగ్గర కూడా టోపీ తియ్యడం లేదు. స్కూలుకి వెళ్లనంటున్నాడు. వాళ్ల నాన్న వెళ్లి గొడవ పెట్టుకుంటానంటున్నారు, అలా చేస్తే టీసీ ఇచ్చి పంపేస్తారేమోనని నాకు భయం. (ఒక తల్లి, గాజువాక)

జవాబు: అమ్మా, ముందు ఆ టీసీ భయం తీసేసుకోండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడిలోంచి తీసెయ్యడానికి వీల్లేదు. అదే చట్టంలో 17వ సెక్షన్ చదివితే పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమని ఉంటుంది. నాలుగు వందలమంది ముందు కత్తెర పెట్టడం ఆ రెండో దాంట్లోకి రాకపోతే ఇంకేది వస్తుంది? తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఈ చట్టం వర్తించదు కదా అని కొన్ని స్కూళ్లు వాదిస్తాయి గానీ, మన రాష్ట్రంలో 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బడుల్లో శారీరక శిక్షని నిషేధించారు, కాబట్టి ఆ వాదన నిలవదు.

ఇక మీ పనికి వద్దాం. మొదటి పని స్కూల్లో లేదు, ఇంట్లో ఉంది. ఇవాళ సాయంత్రం వాళ్ల నాన్నగారు బాబుని తీసుకుని సెలూన్‌కి వెళ్లాలి. తిట్టకుండా, 'అప్పుడే చెప్పాను కదరా' అనకుండా. పక్క కుర్చీలో ఆయన కూడా కూర్చుని తన జుట్టూ కురచగా కొట్టించుకుంటే ఇంకా మంచిది. పదమూడేళ్లవాడికి జుట్టు అంటే జుట్టొకటే కాదు, ప్రేయర్‌లో తన వెనక వరసలో నిలబడ్డవాళ్ల నవ్వు కూడా అందులో ఉంటుంది. టోపీ తియ్యమని మీరు అడగొద్దు, తల సమంగా అయ్యాక వాడే తీస్తాడు.

తర్వాత ఒక ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లిషు రాదని ఆగిపోవద్దు. తేదీ, సమయం, ఎవరు ఏం చేశారు, బాబు అప్పట్నుంచి ఎలా ఉన్నాడు, ఇంతే. జుట్టు విషయంలో రెండుసార్లు చెప్పినా మీరు వినలేదన్న సంగతి కూడా దాచకుండా రాయండి, దానివల్ల మీ మాటకి బలం పెరుగుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చిన ఫిర్యాదు మర్నాటికి 'ఎవరో పేరెంట్ వచ్చి అరిచి వెళ్లారు' అయిపోతుంది, నేను ఆ కుర్చీలో కూర్చుని చూశాను. నాన్నగారు ఒక్కరే వెళ్లొద్దు, ఇద్దరూ వెళ్లండి.

జుట్టు కురచగా ఉండాలన్న నియమం తప్పు కాదు. దాన్ని అమలు చేయడానికి డైరీలో రాయొచ్చు, ఫోన్ చెయ్యొచ్చు, మిమ్మల్ని పిలిపించొచ్చు. పిల్లవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా ఇన్ని దారులుండగా కత్తెర ఎందుకు తీశారన్నదే మీరు అడగాల్సింది. ఆ సార్ బాబుతో స్వయంగా మాట్లాడి 'నేను అలా చేసి ఉండకూడదు' అనాలి. అది ప్రేయర్‌లో అనాలా, గదిలోనా అన్నది బాబునే అడగండి. చాలామంది పిల్లలు మళ్లీ అందరి ముందూ ఆ మాట ఎత్తడం కోరుకోరు. వారంలో జవాబు రాకపోతే మండల విద్యాశాఖాధికారి, ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి మీరు చేసినా, బాబే చేసినా పలుకుతారు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బ్యాగులో ఫోన్ దొరికిందని తీసుకున్నారు, యాన్యువల్ పరీక్షలయ్యాకే ఇస్తామంటున్నారు. అది సరే, లాక్ తీయించి ఫోటోలు, మెసేజ్‌లు చూసి స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకున్నారట. పాప సిగ్గుతో చచ్చిపోతోంది. (ఒక తండ్రి, మద్దిలపాలెం)

జవాబు: బాబూ, ఇందులో మూడు సంగతులున్నాయి, మూడూ వేరువేరు. ఫోన్ తీసుకోవడం సరైనదే. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూడా బడులకి పిల్లలు ఫోన్లు తేవడాన్ని నిషేధించింది. ఏడాది చివరిదాకా ఉంచుకోవడం మాత్రం సరికాదు, ఆ ఫోన్ మీ సొత్తు, మీరు వెళ్లి సంతకం పెట్టి ఇకపై పంపనని రాసిస్తే ఇచ్చెయ్యాలి. మూడోది, లాక్ తీయించి చూడటం. దీనికి ఏ టీచరుకీ అధికారం లేదు. పాప ఏదైనా ప్రమాదంలో ఉందని అనుమానం వస్తే మిమ్మల్ని పిలిచి, మీ ఎదుట, పాపకి చెప్పి మాట్లాడాలి. స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ చెప్పుకోవడానికి అది సీరియల్ కథ కాదు. హెడ్ గారికి రాతపూర్వకంగా ఇదే రాయండి, ఫోన్ నియమాన్ని ఒప్పుకుంటున్నాం, లోపల చూడటాన్ని ఒప్పుకోం అని.

మీరు కూడా ఒకటి ఆలోచించండి, అసలు ఫోన్ ఎందుకు పంపారు? బస్సు ఆలస్యమైతే చెప్పడానికే అయితే స్కూల్ ఆఫీసు నంబరుంది, మీ నంబర్లు డైరీ మొదటి పేజీలో రాసి పెట్టండి, కంఠతా పట్టించండి. ఈ రోజుల్లో పదోతరగతి పిల్లల్లో ఎంతమందికి వాళ్లమ్మ నంబరు నోటికి వచ్చో ఒకసారి అడిగి చూడండి, భయమేస్తుంది.

ఫోన్ ఇంట్లో వాడినా సరే, పాపకి ఒక్క మాట గట్టిగా చెప్పండి. తోటి పిల్లల ఫోటోలు మార్చి గ్రూపులో పెట్టడం, ఎవరో పెట్టింది ఇంకొకరికి పంపడం సరదా కాదు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల అసభ్య ఫోటో ఫార్వర్డ్ చేస్తే పెద్ద నేరం. పాప ఫోటోకే అలా జరిగితే డిలీట్ చేయించేసి ఊరుకోవద్దు, స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోలీసులకి ఇవ్వండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మేష్టారిని. తొమ్మిదో తరగతిలో యాభై ఎనిమిదిమంది. బెత్తం పట్టొద్దంటారు, మంచిదే, కానీ ఇప్పుడు పిల్లలు మొహం మీదే నవ్వుతున్నారు. తల్లిదండ్రులేమో 'చర్మం ఒలిచెయ్యండి మేష్టారూ, కళ్లు మాత్రం ఉంచండి' అంటారు. మేం చెయ్యగలిగింది ఏముంది? (పెందుర్తి)

జవాబు: మేష్టారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దండం దశగుణం భవేత్ అని విని పెరిగిన తరమే నాదీ. నేను కొట్టలేదని చెప్పను. కొట్టాను, మొదటి ఐదారేళ్లు. ఎందుకు మానేశానో చెబుతాను, చట్టం వల్ల కాదు.

ఒకమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చేది. ఎనిమిదో తరగతి. ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి పీరియడ్ అంతా జెండా స్తంభం దగ్గర ఎండలో నిలబడాలన్నది నేను పెట్టిన నియమం. వారం రోజులు నిలబడింది, ఒక్క మాట అనలేదు. ఎనిమిదో రోజు కోపం వచ్చి చెయ్యి చాపమన్నాను. చాపింది. అరచేతి పక్కన చేప పొలుసు ఒకటి అంటుకుని ఎండకి తళుక్కుమంటోంది. కొట్టాక కూడా ఆ పొలుసు అక్కడే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది, వాళ్లమ్మ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తుంది, తట్ట దింపుకోవడానికి ఈ పిల్ల సాయం వెళ్లి, ఇంటికొచ్చి తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి రావాలి, అంగన్‌వాడీ తెరిచేదే తొమ్మిదికి. మా గంట తొమ్మిదికే కొడతాం. వారం రోజులు ఆ పిల్లని ఎండలో నిలబెట్టాను గానీ, ఎందుకమ్మా అని ఒక్కరోజు అడగలేదు. తర్వాత మొదటి పీరియడ్‌కి పావుగంట వెసులుబాటు ఇచ్చాను, అంతే, ఏడాదిలో మళ్లీ ఆలస్యం రాలేదు.

మీ క్లాసులో యాభై ఎనిమిదిమందీ నవ్వడం లేదు మేష్టారూ. నలుగురో ఐదుగురో నవ్వుతుంటారు, మిగతావాళ్లు ఏం జరుగుతుందా అని చూస్తుంటారు. ఆ నలుగుర్నీ క్లాసులో పట్టుకోవద్దు, అక్కడ వాళ్లకి ప్రేక్షకులున్నారు. ఇంటర్వెల్లో ఒక్కొక్కణ్ణి విడిగా పిలిచి వరండాలో నడుస్తూ మాట్లాడండి. వాడి ఊరేది, ఇంట్లో ఎవరున్నారు, లెక్కలు ఎక్కడ తప్పిపోయాయి. అల్లరి చేసేవాడిలో సగంమందికి ఆరో తరగతి భిన్నాలు రావు, రానిది తెలిసిపోతుందనే భయంతోనే అల్లరి. ఇది నా అనుభవం. క్లాసులో అరవడం మానేసి వాడి బెంచీ పక్కకి వెళ్లి నిలబడి పాఠం కొనసాగించండి. మొదటివారమే పిల్లలతో కూర్చుని ఐదంటే ఐదు నియమాలు చార్టు మీద రాయించి, తప్పితే ఏమవుతుందో కూడా పక్కనే రాయించండి. పాతిక నియమాలు ఎవరికీ గుర్తుండవు. బల్ల చెక్కినవాడు బల్ల రుద్ది నునుపు చెయ్యాలి. ఇద్దరు కొట్టుకుంటే ఎవరి సంగతి వాళ్లు కాగితం మీద రాసివ్వాలి, రాస్తుంటేనే సగం వేడి దిగుతుంది. వందసార్లు రాయమని ఇంపోజిషన్ మాత్రం వద్దు, చదువునే శిక్షగా చేస్తే ఆ చదువు మీద ఇష్టం ఎలా ఉంటుంది? మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడర్ పద్ధతి కూడా ఆపెయ్యండి, పదమూడేళ్ల పిల్లాడి చేతిలో పోలీసు పని పెట్టినట్టు అవుతుంది, తర్వాత రోడ్డు మీద వాడు తన్నులు తింటాడు.

తల్లిదండ్రులకి ఫోన్ చేసినప్పుడు ముందు పిల్లవాడి గురించి ఒక మంచి మాట చెప్పి, అప్పుడు విషయంలోకి రండి. లేకపోతే మీరు పెట్టేసిన ఫోన్‌కి ఆ రాత్రి వాడి వీపు జవాబు చెబుతుంది.

బ్లేడు, గుట్కా, ఈ-సిగరెట్ లాంటివి దొరికితే మటుకు బుజ్జగింపులు కాదు. అదే రోజు హెడ్మాస్టరు గారు, తల్లిదండ్రులు కూర్చోవాలి, రిజిస్టర్లో రాయాలి. ఈ-సిగరెట్లు దేశంలోనే 2019 నుంచి నిషేధం. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. ఒకసారి మీ గేటు నుంచి అడుగులు కొలిచి, కిళ్లీకొట్టు ఆ లోపలుంటే హెడ్ గారిచేత పోలీసులకి రాయించండి. పిల్లవాడి జేబు వెతకడం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్. మధురవాడ నుంచి ట్యూషన్, స్కూలు రెండూ తిరగాలి, స్కూటీ ఇచ్చాం. స్కూల్లో గేటు దగ్గర ఆపేస్తున్నారు. పక్క వీధిలో పెట్టి వెళ్తున్నాడు. ఇంత చాదస్తం అవసరమా?

జవాబు: అమ్మా, చాదస్తం కాదు, ఆ స్కూలుకి దణ్ణం పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండకుండా మీరు ఇచ్చిన స్కూటీ నడపడానికి లైసెన్సే రాదు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే కేసు బండి యజమాని మీద, తల్లిదండ్రుల మీద, ఇరవై ఐదు వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇదంతా ఏమీ జరగక ముందు సంగతి. మధురవాడ దగ్గర హైవే మీద లారీల పక్కన ఆ స్కూటీ ఎంత చిన్నగా కనిపిస్తుందో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. బస్ పాస్ తీసివ్వండి, ట్యూషన్ దగ్గర్లోకి మార్చండి. తాళం ఇవాళే తీసుకోండి.

ప్రశ్న: కార్తీకంలో మా వాడు అయ్యప్ప మాల వేసుకుంటాడు. నిరుడు యూనిఫాం లేదని రెండు రోజులు బయట నిలబెట్టారు. ఈసారి ఎలా? (సింహాచలం)

జవాబు: మాల వేయడానికి ముందే ఉత్తరం ఇవ్వండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వస్తాడని. చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి, వాళ్లకి కావలసింది ముందస్తు మాట. ల్యాబ్‌లో చెప్పులు లేకుండా పంపొద్దని మాత్రం మీరే అడగండి, యాసిడ్ కింద పడితే స్వామి పాదాలూ కాలతాయి. బయట నిలబెట్టి పాఠం పోగొట్టడం ఏ నియమం కిందా సరికాదు, ఫీజు కట్టలేదనో, యూనిఫాం లేదనో, మాల వేశాడనో. ఇంకో బాబు క్రిస్మస్‌కి, ఇంకో పాప రంజాన్‌కి ఏదైనా అడిగితే అప్పుడూ మీరు ఇదే మాట మీద నిలబడండి.

ప్రశ్న: మేడమ్, నాకు పదిహేనేళ్లు. స్కూల్ వ్యాన్ అంకుల్ నన్ను రోజూ ముందు సీట్లో కూర్చోమంటాడు. బ్యాగు ఇచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. లిస్టులోంచి అమ్మ నంబరు తీసుకుని రాత్రి నాకు మెసేజ్‌లు పెడుతున్నాడు, అమ్మ చూడకముందే తీసేస్తున్నాను. ఆయమ్మకి చెప్తే 'నువ్వే వెనక కూర్చో' అంది. చెప్తే చదువు మాన్పిస్తారని భయం. (పేరు వద్దు)

జవాబు: తల్లీ, నువ్వు రాశావు చూడు, అదే పెద్ద పని, సగం దాటేశావు. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. ముందు సీట్లో కూర్చున్నందుకు లేదు, ఇన్నాళ్లు చెప్పనందుకు లేదు, మెసేజ్‌లు తీసేసినందుకూ లేదు. ఇకనుంచి మాత్రం తీసెయ్యకు, అవే సాక్ష్యం.

ఈ పేజీ అమ్మకి చూపించు. నోట మాట రాకపోతే పేజీ మడిచి అమ్మ దిండు కింద పెట్టు. అమ్మ దగ్గర కూడా కుదరకపోతే నీకు నమ్మకమున్న ఒక్క టీచరుకి చెప్పు, లేదా 1098కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. రేపట్నుంచి ఆ వ్యాన్ ఎక్కొద్దు.

ఇక్కడి నుంచి ఆ అమ్మకి చెబుతున్నాను. అమ్మా, పిల్లని ఇంట్లో కూర్చోబెట్టకండి. తప్పు చేసినవాడు పనిలోకి వెళ్తూ, పిల్ల ఇంట్లో కూర్చుంటే శిక్ష ఎవరికి పడినట్టు? పిల్లల్ని లైంగికంగా వేధించేవాళ్లని శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఇలాంటివాళ్ల కోసమే. పోలీస్ స్టేషన్‌కి పిల్లని తీసుకెళ్లక్కర్లేదు, పిల్ల ఉన్నచోటికే వచ్చి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా, వాంగ్మూలం తీసుకోవాలని చట్టంలోనే ఉంది. పిల్ల పేరు, స్కూలు పేరు పత్రికల్లో రాకూడదనీ ఉంది. పరువు పోతుందన్న భయానికి చట్టం వేసిన అడ్డుకట్ట అది.

ఆ స్కూలు యాజమాన్యానికి కూడా. 'డ్రైవర్ని మార్చేశాం, ఇంతటితో వదిలెయ్యండి' అంటే కుదరదు. తెలిసి పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే, సంస్థ నడిపేవాళ్లయితే ఏడాది దాకా జైలు. మార్చేసిన ఆ డ్రైవరు రేపు ఇంకో స్కూల్ వ్యాన్ తోలుతాడు. డ్రైవర్ల చేతికి పిల్లల నంబర్ల లిస్టు ఎందుకిస్తున్నారు? వ్యాన్‌లో ఆయమ్మని పెట్టడం మంచిదే, ఆమెకి ఏం చూడాలో, చూస్తే ఎవరికి చెప్పాలో ఎవరైనా నేర్పారా? పసుపు రంగు బండి, కిటికీకి ఊచలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్, ఇవన్నీ ఫిట్‌నెస్ కోసం చూస్తారు. తోలేవాడి గురించి విచారించడం అంతకంటే ముందుండాలి.

తల్లీ, నువ్వు మళ్లీ రాయి. చదువు మాన్పిస్తామని ఎవరన్నా అంటే వెంటనే రాయి.

ప్రశ్న: మా స్కూల్లో మార్కుల్ని బట్టి ఏ, బీ, సీ సెక్షన్లు. నేను సీ. సార్లు మమ్మల్ని 'లాస్ట్ బ్యాచ్' అని మైకులో పిలుస్తారు. నెల పరీక్ష తర్వాత కింది నుంచి పదిమంది పేర్లు చదువుతారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్. (పదో తరగతి విద్యార్థి, ఎన్‌ఏడీ జంక్షన్)

జవాబు: నాన్నా, నువ్వు అడిగినదానికి దేశంలోని పెద్ద కోర్టే జవాబు చెప్పింది, అదీ మన ఊరి కేసులోనే. విశాఖలో ఉండి నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. కన్నతండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న తీర్పు చెబుతూ కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని అందులో ఉంది. వందమంది, అంతకు మించి పిల్లలున్నచోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలనీ ఉంది.

కాబట్టి మీ నాన్నగార్ని వెళ్లి రెండే అడగమను, మైకులో ఆ పేర్లు చదవడం ఎప్పుడు ఆపుతారు, కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు. నీకు నిద్ర పట్టని సంగతి ఇవాళే ఇంట్లో చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. ఒకవేళ బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పక్క గదిలో నిద్రపోతున్న అమ్మని లేపు. లేపినందుకు ఏ అమ్మా విసుక్కోదు. నాకు మళ్లీ రాయి, ఎదురు చూస్తుంటాను.

ప్రశ్న: మా మనవడి స్కూలు నాలుగంతస్తులు. పిల్లలు బంక్ కొట్టి బీచ్‌కి పోతున్నారని తొమ్మిదిన్నర తర్వాత మెట్ల దగ్గర ఇనుప గేటుకి తాళం వేసేస్తున్నారు. మంచిదే అనిపించింది గానీ, ఏదైనా అయితే ఎలా అని రాత్రి ఆలోచన వచ్చింది. అడిగితే 'సేఫ్టీ కోసమే సార్' అన్నారు. (ఒక తాతయ్య, కంచరపాలెం)

జవాబు: బాబుగారూ, మీకు రాత్రి వచ్చిన ఆలోచనే సరైనది. బంక్ భయం కూడా ఉత్తిది కాదు. ఆర్కే బీచ్, యారాడ, రుషికొండ, మన సముద్రం చూడటానికి ఎంత అందమో మోకాలి లోతులో కూడా అంత మోసం, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది, ఈతొచ్చిన పిల్లాణ్ణి కూడా లోపలికి తీసుకుపోతుంది. యూనిఫాం షర్టులు, బూట్లు ఒడ్డున కనిపించాయన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ బ్యాడ్జీ మా బడిదేమోనని గుండె ఆగినంత పనయ్యేది. కానీ దానికి మందు తాళం కాదు. మొదటి పీరియడ్ హాజరు తీసుకున్న పదిహేను నిమిషాల్లో రానివాళ్ల ఇళ్లకి ఫోన్ వెళ్లాలి. మా బడిలో క్లర్కు గారు చేసేవారు, రోజుకి పది ఫోన్లు, అంతకు మించి పట్టలేదు. ఇంట్లో బయల్దేరి బడికి చేరని పిల్లాడు తొమ్మిదిన్నరకే బయటపడితే బీచ్‌లోనే పట్టుకోవచ్చు, సాయంత్రం తెలిస్తే ఏం లాభం?

తాళం మాట. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడిలో మంటలంటుకుని తొంభై నలుగురు పిల్లలు పోయారు. తాటాకు కప్పు, ఇరుకు మెట్లు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటికీ అగ్నిమాపక జాగ్రత్తలు తప్పనిసరి చేసింది. ఇక మన ఊరి సంగతి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది, ఆదివారం. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది, తెల్లవారుజామున, అదీ లాక్‌డౌన్‌లో. రెండుసార్లూ బడిలో పిల్లలు లేని రోజు. రెండుసార్లు దేవుడు చూశాడు, మూడోసారి మంగళవారం పదకొండు గంటలకి వస్తే ఆ ఇనుప గేటు ఎవరు తీస్తారు?

మీరు ఒక్కరే కాకుండా నలుగురైదుగురు తాతలు, అమ్మలు కలిసి వెళ్లండి. గేటు దగ్గర మనిషిని పెట్టమనండి, తాళం వద్దని రాసివ్వండి. రెండో మెట్లదారి ఉందా, అక్కడ విరిగిన బల్లలు పడేసి ఉన్నాయా, స్వయంగా ఎక్కి చూడండి. మంటలార్పే సిలిండర్ మీద గడువు తేదీ చదవండి. పిల్లలందరూ కిందికి దిగి గ్రౌండ్‌లో లెక్క చెప్పడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఈ నెలలోనే ఒకసారి గంట కొట్టి చూడమనండి. గ్యాస్ వాసన వస్తే తడిగుడ్డ ముక్కుకి పెట్టుకుని గాలి వీచే దిశకి అడ్డంగా పక్కకి తప్పుకోవాలని మనవడికి మీరే చెప్పండి. తర్వాత ప్రిన్సిపాల్ గారిని, ఆ గేటు ముందే నిలబెట్టి, ఇప్పుడు ఈ తాళంచెవి ఎవరి జేబులో ఉందండీ అని అడగండి. ఆయన జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు రాయండి.